తలుపు వెనక మూల

ముక్తేశ్వరం దగ్గర కాలవ గట్టున ఉన్న ఆ బంగళాను చుట్టుపక్కల వాళ్లంతా కోట అనేవారు. కోట అంటే బురుజులూ కందకాలూ ఊహించుకోవద్దు. ఎప్పుడో యానాం నుంచి వచ్చిన ఒక ఫ్రెంచి దొర, తన దేశంలోని ఇల్లు గుర్తొచ్చేలా కట్టించుకున్నాడట. ఒక మూల గుండ్రటి గది, దాని మీద మొనదేలిన కప్పు. ఆ గది పుణ్యమే కోట అన్న పేరు. దొర వెళ్లాక ఒక జమీందారు, ఆయన తరవాత కొబ్బరి వ్యాపారులు, వాళ్ల తరవాత గబ్బిలాలు అందులో కాపరం చేశాయి. డెబ్భైల చివర్లో నేను కొన్నాను. గబ్బిలాలను చూపించి ధర బాగా దించాను. బంగళాతోపాటు అవీ నావే అవుతాయని ఆ సంబరంలో తట్టలేదు.

కొన్నది అమ్మ కోసం. అమలాపురంలో మా కిరాణా కొట్టు మీది గదుల్లో, ఎండుమిరపకాయల ఘాటుకి తుమ్మీ దగ్గీ ఆవిడ ఆయాసం తెచ్చుకుంది. ఆ ఘాటుకు దూరంగా ఉంచమని డాక్టరు గట్టిగా చెప్పారు. అమ్మ ససేమిరా అంది. ఆవిడ పుట్టిల్లు ముక్తేశ్వరమే. తాతయ్యకు అక్కడ చిన్న కొట్టుండేది. చిన్నతనంలో ఆయనతో సరుకులు వెయ్యడానికి వెళ్లి, అద్దంలా మెరిసే కోట హాలు గోడలో తన ముఖం చూసుకుందట.

"ఆ గోడలో మళ్లీ నా మొహం కనపడితే వస్తాన్రా. లేదంటే ఇక్కడే దగ్గుకుంటాను," అంది.

ఆ మాట మీంచి ఇక దిగదని తెలుసు. నాకు బేరం నేర్పిందే ఆవిడ.

పెంకులు, టేకు దూలాలు, గుండ్రటి గది మెట్లు ఏడాదిలో ఒక దారికొచ్చాయి. గోడ మిగిలింది. సిమెంటు పూసేద్దామన్నారు అందరూ. సిమెంటులో మొహం కనపడదు కనక, కొత్తపేట వెళ్లి పాత పని తెలిసిన ముసలి మేస్త్రిగారిని పట్టుకొచ్చాను.

"గానుగ సున్నం నేను చూసుకుంటానండీ. అందులో కలపడానికి కరక్కాయ, బెల్లం మీ కొట్లోనే ఉంటాయి కదండీ," అన్నారాయన.

నా ప్రాణం లేచొచ్చింది.

"ఆ పైన కోడిగుడ్ల తెల్లసొనండీ."

లేచిన ప్రాణం కూలబడింది. మా ఇంట్లో గుడ్డు తినడం మాట అటుంచి, ఆ పేరైనా పైకి అనరు.

"సగానికి తగ్గించుకుందాం మేస్త్రిగారూ."

"ఆయ్, తగ్గించొచ్చండీ. నిగారింపూ సగమే వస్తాదండీ."

గంటసేపు వాదించి చివరికి ఒక్క మూల గెలిచాను. వీధి తలుపు తీస్తే దాని వెనక దాగిపోయే మూల. "అక్కడెవరు చూస్తారండీ? ఉత్త సున్నం చాలు," అన్నాను. మేస్త్రిగారు ఆ మూలను ఒకసారి, నన్నొకసారి చూసి, "మీ ఇల్లండీ," అని ఊరుకున్నారు.

ఊళ్లో గుడ్లమ్మే ఆవిడతో రోజూ బేరమాడి, కొన్నవాటిని ఆత్రేయపురం పూతరేకుల డబ్బాల్లో దాచి మోసేవాణ్ణి. దారిలో ఎరిగున్నాయన ఒకాయన, "ఓ రెండు రేకులు ఇలా పడెయ్యండి," అని చెయ్యి చాపారు. మొక్కుబడివని చెప్పి పారిపోయాను.

గులకరాళ్లతో రోజుల తరబడి రుద్దాక గోడ నీళ్లలా మెరిసింది. అమ్మను రిక్షాలో రప్పించాను. హాలు మధ్య నిలబడి గోడలోకి చూసి బొట్టు సరిచేసుకుంది. బేరం తెగినట్టే అనుకున్నాను. కానీ బస్తా అడుగున చెయ్యి పెట్టి చూడందే సరుకు కొనని మనిషి. వెనక్కి తిరిగి తలుపు మూసింది. మూలను అరచేత్తో నిమిరింది.

"ఇక్కడ గుడ్లు వెయ్యలేదేం?"

"గుడ్లేంటమ్మా?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"నా దగ్గరట్రా! జమీందారుగారు ఈ గోడలు పూయించినప్పుడు గుడ్లు తెచ్చిచ్చింది మీ తాతయ్యే. బుట్ట అడుగున గుడ్లు, పైన కొబ్బరికాయలు, పక్కన నేను. పిల్లని చూసి ఎవరూ బుట్ట తడిమేవారు కాదు. ఆయన ఏ మూలా ఎగ్గొట్టలేదు."

"తలుపు వెనకే కదమ్మా..."

"రిక్షాలో నా పరుపుచుట్ట ఉంది, దింపించు. ఈ మూల అయ్యేదాకా నేను కదలను. నిన్ను నమ్మి వెళ్తే ఇంకో మూల కూడా మిగులుస్తావు."

పరుపుచుట్ట ఎప్పుడు కట్టిందో నేను చూడనేలేదు. దాన్ని దింపించి, ఈసారి డబ్బా లేకుండా, బుట్ట పట్టుకుని గుడ్ల ఆవిడ దగ్గరికి వెళ్లాను. చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చేశాను.

"బేరమాడరేంటండీ? ఒంట్లో బానే ఉందా అండీ?"

"మా అమ్మ వచ్చిందండీ."

"ఆయ్, అలాగా అండీ," అని అడక్కుండానే రెండు గుడ్లు కొసరు వేసింది.