కోటు కింద అంగీ

నాకు అక్షరాలు వచ్చేసరికి యాభై దాటాయి. అంతకుముందు రాయలేకపోవడానికి బీదరికం ఒక్కటే కారణమని చెప్పను. మలక్‌పేటలో కాపురం పెట్టిన కొత్తలో ఒక ఫొటో ల్యాబ్‌లో ప్రింట్లు కడిగే పనికి చేరాను. ఆ పనికి కళ్ళు కావాలి, అక్షరాలు అక్కర్లేదు. కవరు మీది అంకె, నెగటివ్‌లోని ముఖం గుర్తుపడితే చాలు. అంకెలు వచ్చు. ముఖం ఒకసారి చూస్తే మరిచిపోయేదాన్ని కాదు. అలా ఏళ్ళు గడిచాయి. కంప్యూటర్లు వచ్చి, తెర మీద ఉన్నది చదవనిదే పని జరగని పరిస్థితి వచ్చాక, తెలుగు అక్షరాలు అంటించిన కీబోర్డు మీద ఓనమాలు మొదలుపెట్టాను. పెన్ను పట్టడం ఆ తరువాత.

కొత్తపేట పండ్ల మార్కెట్ బాటసింగారం తరలిపోయిన మరుసటి ఏడాది, దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ల్యాబ్‌లో నన్ను ప్రింటింగ్ సెక్షన్ ఇన్‌చార్జిగా వేశారు. ఎల్బీనగర్ బ్రాంచిలో తీసిన ఫొటోలు వెబ్ అప్లికేషన్ ద్వారా మాకు వచ్చేవి. ఒక్కొక్కటి చూసి ప్రింటుకు వదలడం నా పని. ఆ అప్లికేషన్ తయారుచేసింది సుధ అనే తెనాలి అమ్మాయి. నా కీబోర్డుకు అక్షరాలు అంటించింది కూడా ఆమే.

ఇందులో ఫొటో వేరు, దాని వివరాలు వేరు. ఫొటో ఫైలు ఒక ఫోల్డర్‌లోకి వెళ్తుంది. వివరాలు ఒక పట్టికలో వరుసగా చేరతాయి: ఫైలుకు అప్లికేషన్ పెట్టిన కొత్త పేరు, పొడవు వెడల్పులు, సైజు, రకం, ఏ బ్రాంచి నుంచి ఎప్పుడు వచ్చింది. కొత్త పేరు ఎందుకంటే, రెండు కెమెరాలు ఒకే పేరుతో ఫొటోలు పంపితే రెండోది మొదటిదాని మీద పడి మొదటిది పోతుంది. సుధ ఆ జాగ్రత్త తీసుకుంది. కస్టమర్ పేరు, దిద్దకముందు ఫొటో కూడా ఉంచుదామని అడిగింది. కౌంటర్ ముందు జనం నిలబడి ఉంటే పేర్లు కొడుతూ కూర్చోలేరని, ఒక మనిషికి రెండు ఫొటోలు దాచడం దండగని మా యజమాని వద్దన్నారు. అందువల్ల దిద్దిన ఫొటో సేవ్ చేయగానే అసలుది పోయి, దాని చోట్లో ఇది కూర్చునేది.

దిద్దడమంటే మచ్చలు తీయడం, ముఖం రంగు తెల్లగా తేల్చడం. ఉద్యోగం దరఖాస్తుకు అని చెబితే మెడ కింద నీలం కోటు, టై అతికించేవారు. కోచింగ్ పిల్లలు అడిగి మరీ వేయించుకునేవారు. అడగనివాళ్ళకూ పడిపోయేది.

ఒక మధ్యాహ్నం యాదమ్మ అనే ఆమె, పెళ్ళీడు కూతురు స్వప్న, ఎల్బీనగర్ బ్రాంచిలో అడిగితే ఇక్కడికి పంపారని మా దగ్గరికి వచ్చారు. యాదమ్మ భర్త సైదులు కొత్తపేట మార్కెట్లో హమాలీ. మార్కెట్ దూరం పోయాక రోజూ బాటసింగారం దాకా పోయి బరువులు దించేవాడు. అక్కడే హైవే మీద లారీ గుద్దింది. ఫొటోలున్న ఫోను కూడా ఆ ప్రమాదంలోనే పోయింది. ఆధార్ కార్డు మీద ముఖం ఉన్నదా లేదా అన్నట్టుంది. తోటివాళ్ళ ఫోనులో దొరికిన ఒక్క ఫొటోలో సగం ముఖం పక్కవాడి భుజం వెనక పోయింది. చనిపోయే ముందు దగ్గర్లో ఏదైనా వాచ్‌మన్ పని దొరుకుతుందేమోనని దరఖాస్తు పెట్టుకోవడానికి ఎల్బీనగర్‌లో ఫొటో దిగాడట. కాపీలన్నీ అక్కడా ఇక్కడా ఇచ్చేశాడు.

"అక్కా, ఒక్క ఫోటు ఇప్పియ్యి. రేపే దినాలు. పటం కట్టియ్యాలె," అన్నది యాదమ్మ.

పేరుతో వెతకడానికి పట్టికలో పేరు లేదు. ఎప్పుడు దిగాడంటే బతుకమ్మ పండుగ దాటినంక అన్నది. ఆ నెలలో ఎల్బీనగర్ నుంచి వచ్చిన ఫొటోలన్నీ తెరిచి, ఇద్దరినీ నా పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే జరుపుతూ పోయాను. అవన్నీ నా చేతుల మీదుగా వెళ్ళినవే. కాని సైదులును నేను మనిషిగా ఎన్నడూ చూడలేదు.

తెర మీద కోటు వెనక కోటు వస్తుంటే యాదమ్మ, "అందరు పెండ్లికొడుకులే ఉన్నరు గదక్కా," అన్నది. నవ్వలేదు.

చివరిదాకా చూశాం. లేడు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం. ఒకచోట స్వప్న నా చేయి పట్టుకుని ఆపింది.

"అమ్మా, చెవు సూడు. నాయిన చెవే."

ఎడమ చెవి అంచు కొద్దిగా తెగి ఉంది. యాదమ్మ తెరకు దగ్గరగా వంగి చాలాసేపు చూసింది. "ఈయన మీ నాయిన ఎట్లయితడే? ఆయనకు కోటేడిది?" అన్నది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కాసేపటికి నా వైపు తిరిగి అడిగింది. "గా కోటు తీసెయ్యరాదక్కా. కింద అంగీ ఉంటది. చుక్కల అంగీ తొడుక్కొని పోయిండు. నేనే ఇస్త్రీ చేసిన."

సుధను పిలిచాను. ఆమె ఫోల్డర్ చూసింది, దాచిపెట్టిన పాత నకళ్ళు చూసింది, బ్రాంచికి ఫోన్ చేసి కెమెరా కార్డు గురించి అడిగింది. కార్డు ఎన్నోసార్లు చెరిపి వాడేశారు.

"అసలు ఫొటో మీదే ఇది సేవ్ అయిపోయిందండీ, వెంకటమ్మగారూ," అన్నది నెమ్మదిగా. "కోటు కింద చొక్కా లేదు. అక్కడ ఏమీ లేదు."

ఆ మాట యాదమ్మకు అర్థమయ్యేలా చెప్పడం నా వంతు అయింది. కోటు తీస్తే మెడ కింద ఖాళీయే ఉంటదని చెప్పాను. ఇంకొకరి ఫొటోలోంచి చుక్కల అంగీ తెచ్చి అతికించవచ్చని కూడా చెప్పాను. అది ఎవరిదని అడిగింది. ఎవరో కస్టమర్‌దన్నాను.

"బతికున్నోళ్ళ అంగీ మా ఆయనకెందుకక్కా," అన్నది.

ఇక మిగిలింది రంగు. బ్రాంచిలో తేల్చిన ముఖం రంగును నేను వెనక్కి దించడం మొదలుపెట్టాను. "ఇంక జర," అన్నది యాదమ్మ. దించాను. "ఇంక జర." దించాను. "చాలు పెద్దమ్మా," అన్నది స్వప్న.

కోటు కనబడకుండా గడ్డం దగ్గరికి కత్తిరించాను. దరఖాస్తుకు పనికొచ్చేట్టు ఫైలును అప్పటికే బాగా కుదించి ఉంచారు. పెద్ద ప్రింటు తీస్తే ముఖం గళ్ళుగళ్ళుగా విడిపోతోంది. అరచేయంత ప్రింటు తీసి, పెద్ద పటంలో చుట్టూ తెల్ల అట్ట వేసి మధ్యలో బిగించాను. గడ్డం కింద ఒక పక్క నీలం కాలర్ కొస మిగిలింది. దాన్ని తీస్తే మెడ కూడా పోతుంది. దండ వేస్తే కనబడదని యాదమ్మకు చెప్పాను.

"దండ ఎండితె తీస్తం గదక్కా," అని పటం తీసుకున్నది.

వాళ్ళు వెళ్ళాక సుధ యజమాని గదిలోకి పోయి, పేరు, అసలు ఫొటో ఉంచుదామన్న పాత మాటే మళ్ళీ అడిగింది. ఆయన గది అద్దంలోంచి అంతా చూస్తూనే ఉన్నారు. "పెట్టేయమ్మా," అన్నారు, అంతే.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఇది. ఫొటోను ఎంతైనా దిద్దవచ్చు, దిద్దకముందు ఉన్నదాన్ని మాత్రం మళ్ళీ తయారుచేయలేం. అది ఎవరిదో వచ్చిన రోజునే రాసి పెట్టాలి. తరువాత ముఖం చూసి వెతుక్కోవలసి వస్తుంది, ఆ ముఖాన్ని మనమే మార్చి ఉంటాం.

మరునాడు పొద్దున ల్యాబ్‌కు పోయేసరికి పట్టికలో రెండు కొత్త గడులు కనిపించాయి. అవతల ఎల్బీనగర్‌లో వాళ్ళింట్లో దినాలు మొదలై ఉంటాయి. ఆ ఫొటో వరుస తెరిచి, పేరు గడిలో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'సైదులు' అని కొట్టాను. పక్కన, దిద్దకముందు ఫొటో అన్న గడిలో 'లేదు' అని కొట్టి, సేవ్ చేశాను.