సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది వరకు

పన్నెండేళ్లు మీరు చేసిన పనిని ఇంకొకరు వారం రోజుల్లో మీకంటే బాగా చేసి చూపిస్తే, ఆ సంగతి నలుగురిలో ఒప్పుకునే ధైర్యం మీకుందా?

నాకు లేకపోయింది.

శంషాబాద్ కార్గో టెర్మినల్‌కు మందుల పెట్టెలు చేరవేసే చిన్న కంపెనీలో నా ఉద్యోగం. రోజూ ఉదయం ఆరున్నరకు షెడ్డు ముందు డ్రైవర్లు, ప్యాకింగ్ వాళ్లు నిలబడితే, ఆ రోజు పని చదివి వినిపించేవాణ్ణి. ఏ విమానం ఎప్పుడు, ఏ పెట్టె ఎంత చల్లగా ఉండాలి, ఏ బండి ఎన్నింటికి కదలాలి. దాన్ని మేం పొద్దుటి చిట్టీ అనేవాళ్లం. దానికోసం ఐదింటికే లేచి మెయిళ్లు చూసేవాణ్ణి. అత్తాపూర్‌లో బస్సెక్కి, తొడ మీద అట్ట పెట్టుకుని రాసేవాణ్ణి. చివర నా సొంత మాటలు కొన్ని కలిపేవాణ్ణి. బండికి నిమ్మకాయలు కట్టే తీరికలో బ్రేకులు చూసుకోండి. పిల్లి ఎదురొస్తే కాదు, ఎర్ర దీపం పడితే ఆగండి. వాళ్లు నవ్వేవారు. రోజుకు ఒకరి బుర్రలోనైనా వెలుగు పడుతోందని నా నమ్మకం.

మొన్న వానాకాలంలో మేనేజరు ఆ పనిని నా పక్క సీటులో కూర్చునే, రావిర్యాల నుంచి వచ్చే ఆవిడకు అప్పగించాడు. ఆమె నాకంటే పదేళ్లు చిన్న. రాత్రి వచ్చిన మెయిళ్లు, బుకింగులు, విమాన వేళల మార్పులు అన్నీ ఏఐకి అందేలా ఏర్పాటు చేసింది. చిట్టీ ఎలా ఉండాలో తెలియడానికి నా రెండేళ్ల చిట్టీలు దానికి ఇచ్చింది. ఆరింటికల్లా ఆమె ఫోనులో ముసాయిదా తయారు. ఆమె ఒకసారి చూసుకుని ప్రింటు తీసేది.

మొదటి రోజు ఆమె చదవడం నాలుగు నిమిషాల్లో అయిపోయింది. మహేశ్వరం నుంచి వచ్చే మా పెద్ద డ్రైవరు ఆశ్చర్యపోయాడు.

“ఏందమ్మా, అప్పుడే అయిపాయెనా? ఛాయ్ ఇంక మసలనే లేదు!”

“అయిపోయింది కాకా.”

“గిట్ల జెప్తే మంచిగుంటది. ఇన్నొద్దులు నిలవడి నిలవడి కాళ్లు గుంజుతుండె.” అప్పుడు నన్ను చూశాడు. “నిన్నంటలేను తమ్మీ. నీది ఉపన్యాసం. గిది పని.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పళ్లు మాత్రమే నవ్వాయి.

కొత్తదాన్ని చూసి భయపడటం అజ్ఞానమని హేతువాద సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి నేను. ఆ మాట గుర్తున్నా కడుపులో మంట ఆరలేదు. రోజూ ఆ చిట్టీ ఇంటికి తెచ్చి, ఎర్ర పెన్నుతో తప్పుల కోసం వెతికాను. తొమ్మిది రోజులు వెతికాను. ఒక రోజైతే, వేర్వేరు చల్లదనం కావలసిన రెండు రకాల మందులు ఒకే బండిలో పడబోతున్నాయని అది ముందే హెచ్చరించింది. నేనైతే గమనించేవాణ్ణి కాను. ఆ పూట అన్నం సహించలేదు.

పదో రోజు సోమవారం. విమానం వేళ ముందుకు జరిగింది. పెట్టెలు పదింటిలోగా టెర్మినల్‌లో అప్పగించాలి. గేటు దగ్గర వరసలో ఒక్కోసారి గంట పడుతుంది. సరుకు ఎక్కించడం ఏడున్నరకే పూర్తవుతుంది. చిట్టీలో మాత్రం మొదటి బండి తొమ్మిది గంటల ఐదు నిమిషాలకు అని ఉంది. ఆమె ఆ మాట చదవగానే నా గుండె సంతోషంతో ఎగిరింది. పెట్టెలు ఏమవుతాయన్న బెంగ ఆ తర్వాత కలిగింది. ముందు సంతోషం, తర్వాతే బెంగ; దాచను.

“చూసిన్రా?” అని అరిచాను. “పదింటికి అప్పజెప్పేటివి తొమ్మిది దాటినంక పంపుతదట! గేటు కాడ లైను తెల్వదా మీ ఏఐకి?”

ఆమె మొహం చిన్నబోయింది. “అది పెట్టింది కాదన్నా. నీ చిట్టీలల్లనే ఉన్నది.”

ఫోను తెరిచి ముసాయిదా నా చేతికిచ్చింది. ఆ వేళ కింద ఏఐ రాసిన మాటలివి: “పాత చిట్టీలలో సోమవారం ఏడున్నర, తొమ్మిది మధ్య ఏ బండీ బయలుదేరలేదు. కారణం ఎక్కడా రాసి లేదు. ప్రస్తుతానికి అదే పద్ధతి పాటించాను. కానీ ఈ రోజు పెట్టెలు ఆలస్యమయ్యే ప్రమాదం ఉంది. ప్రత్యేక కారణం లేకపోతే ఏడూ నలభై మేలు. దయచేసి నిర్ధారించండి.”

“మరి గీ ముక్క ఎందుకు చదువలే?”

“నువ్వు రాసినవంటే ఏదో కారణం ఉంటదనుకున్న. పెద్దోనివి, నిన్ను అడుగుడేందని తుడిచేసిన.”

పెద్ద డ్రైవరు మధ్యలో అందుకున్నాడు. “సోమారం ఏడున్నర అంటే రాహుకాలం గద తమ్మీ. మేం ఎన్నడన్న అడిగినమా? నువ్వు పైకి గట్ల మాట్లాడుతవ్ గని, లోపట జర భయం ఉంటదేమో అనుకున్నం. పాపం, పోనీ తియ్ అని ఊకున్నం.”

అప్పుడు గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కిందట ఒక డ్రైవరు రాహుకాలంలో బండి తీయనన్నాడు. అరగంట వాదించాను. వాదంలో నేను గెలిచాను, బండి మాత్రం కదల్లేదు. మరుసటి వారం నుంచి గొడవెందుకని సోమవారం ఆ గంటన్నర ఖాళీగా వదిలేశాను. తర్వాత అతను పని మానేసి వెళ్లిపోయాడు. ఖాళీ మాత్రం ఉండిపోయింది. దాని పక్కనే నిలబడి ప్రతి సోమవారం పిల్లుల మీద, నిమ్మకాయల మీద చమత్కారాలు విసిరాను. నా ముందున్నవాళ్లు, నన్నే భయస్తుణ్ణనుకుని, నా మనసు నొప్పించకుండా నవ్వారు.

“ఏ కారణం లేదు. బండి తియ్యన్నా,” అన్నాను. ఏడూ నలభైకి బండి కదిలింది. పెట్టెలు అందాయి.

ఆమె మీద అసూయ ఆ రోజే పోయింది. ఏఐ మీద పోలేదు, ఇంకా పెరిగింది. చిట్టీ బాగా రాస్తుందని కాదు. జ్యోతిషులను, బాబాలను ఎన్నో ప్రశ్నలతో నిలదీసిన నేను, నా చేతిరాతను ఒక్కసారీ అడగని ప్రశ్నను అది అడిగింది. మొహమాటం లేకుండా, ఎవరినీ నొప్పించకుండా అడిగింది. ఆ ప్రశ్న నాది కావలసింది. దాన్ని తుడిచేసినవి మా మర్యాదలు. పెద్దవాడు రాశాడు కాబట్టి కారణం ఉంటుందనుకోవడానికీ, పంచాంగంలో ఉంది కాబట్టి నిజమనుకోవడానికీ తేడా ఏముంది?

రేపు ఉదయం మీరు పనిచేసే చోట ఆ రోజు పనుల పట్టిక తీయండి. ఎందుకుందో ఎవరూ చెప్పలేని ఒక గంటనో, ఒక సంతకాన్నో వేలుపెట్టి చూపించండి. అది పెట్టినవారు ఎంత పెద్దవారైనా సరే, పనిచేసేవాళ్లందరూ వింటుండగా “ఇదెందుకు?” అని అడగండి. అది పెట్టినవారు మీరే అయితే, ముందు మిమ్మల్నే అడగండి.