వినుకొండకు నేనొక్కదాన్నే

ఆ రోజు పొద్దున్నే బేరం మొదలుపెట్టాను. నరసరావుపేటలో స్టీలు సామాన్ల కొట్టువాళ్ల పిల్లను. కావలసిన ధర మొదటే చెప్పేసేంత అమాయకురాలిని కాదు. నాకు కావలసింది వినుకొండ. అడిగింది హైదరాబాదు.

"ఒక్కదాన్నే పోయొస్తానమ్మా."

"ఏందే, మతిగాని పోయిందా? దార్లో ఫిట్సొస్తే?" అమ్మ చేతిలో అట్లకాడ ఆగిపోయింది.

"సరే, విజయవాడ."

"వద్దు."

"పోనీ వినుకొండ. ఫ్రెండుకి పాప పుట్టిందిగా, చూసి సాయంత్రానికల్లా వచ్చేస్తా."

నాన్న నవ్వాడు. ఆ ఎత్తు ఆయన నేర్పిందే. "వినుకొండే కదా, పోనీయవే. మాత్రలేసుకుంటే పోవచ్చని డాక్టరన్నాడుగా."

మూర్ఛ నన్ను పడేసేది ఎప్పుడో ఒకసారే. కాపలా మాత్రం రాత్రింబవళ్లూ ఉండేది. స్నానాలగదికి లోపలి గడియ పీకేశారు. బాగానే ఉన్నానని బయటికి తెలియడానికి నేను లోపల పాటలు పాడాలి. నా గొంతుతో అది వీధి మొత్తానికీ శిక్షే. పెళ్లిళ్లకు తీసుకెళ్లడం మానేశారు. కొన్నాళ్లకు నేనే సొట్టపడ్డ గిన్నెలా వెనక అరలోకి జరిగిపోయాను. ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు.

అందుకే బస్సెక్కగానే గుండె దడదడలాడింది, భయంతో కాదు, సంబరంతో! పక్కసీటు పెద్దావిడకు ముందే చెప్పేశాను.

"పిన్నీ, నాకు మూర్ఛ ఉంది. వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో ఏమీ కుక్కొద్దు."

ఆవిడ సంచీ తీసుకుని వెనక సీటుకు పోయింది. మనసు చివుక్కుమంది. మరుక్షణం లెక్క తట్టింది: ఆడవాళ్ల ఉచిత టికెట్టు మీద నాకు రెండు సీట్లు! కిటికీ పక్కకు జరిగి దర్జాగా కూర్చున్నాను.

కాసేపటికి ఎవరో వెనకనుంచి భుజం తట్టారు. ఆవిడే.

"తాళాలెందుకొద్దమ్మాయ్? మా ఊళ్లో అందరూ అయ్యే పెడతారే."

"తాళాలతో తగ్గేదైతే, మా నాన్న కొట్టు తాళాలన్నీ నాకెప్పుడో ఇచ్చేసేవాడు పిన్నీ!"

పకపకా నవ్వి, సంచీతో సహా మళ్లీ నా పక్కకొచ్చింది. "జరుగు. పక్కకి తిప్పితే చాలంటావా?"

రెండో సీటు పోయింది. నష్టమనిపించలేదు.

వినుకొండ బస్టాండులో దిగి ఆవిడ తన దారిన వెళ్లిపోయింది. ఫోను మోగింది.

"దిగావా? పక్కన ఎవరున్నారే?" అమ్మ ఆత్రంగా అడిగింది.

చుట్టూ చూశాను. నా మోచెయ్యి పట్టుకున్నవాళ్లు లేరు.

"ఎవరూ లేరమ్మా! ఒక్కళ్లు కూడా లేరు!" అని అరిచాను. సోడాబండి దగ్గరున్నవాళ్లంతా ఏమైందోనని తిరిగి చూశారు.