పట్టు పోగుల డబ్బాలో మాత్రలు

నిన్న ఫోనులో నువ్వు చెప్పిన మాట విన్నప్పటినుంచి నాకు అన్నం సయించలేదు తల్లీ. "మూత్రంలో మంట వచ్చింది అవ్వా, డాక్టరు మాత్రలు రాశాడు, రెండురోజులకే తగ్గిపోయింది, మిగిలినవి దాచిపెట్టుకున్నా, మళ్లీ వస్తే పనికొస్తాయి" అన్నావు. వెనక మీ అన్న నవ్వాడు, "అచ్చం అవ్వ మనవరాలే, ఏదీ పారేయదు" అని. గొంతు పెంచడం నాకు ఎన్నడూ రాదు. కానీ కోపం వచ్చింది. అది నీ మీద కాదు. పంతొమ్మిది వందల అరవైల నాటి కోపం, ఇంకా చల్లారలేదు. అందుకే ఇవాళ నేనే ఫోను చేశాను, ఇద్దరూ వినండి.

ధర్మవరంలో మా అత్తగారిది పట్టుచీరలు నేసే ఇల్లు. నేను పెనుకొండ నుంచి పెద్దకోడలిగా వచ్చాను. నా వెనకే హిందూపురం నుంచి నా తోడికోడలు వచ్చింది. పెద్ద అంచు చీరకు మగ్గం మీద ఇద్దరుండాలి. మగవాడు గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే, పక్కన కూర్చున్న మనిషి అంచు పోగు చుట్టిన నాడెను అటునుంచి ఇటు విసరాలి. ఆ మనిషి లేస్తే మగ్గం ఆగిపోతుంది. మా ఇంట్లో ఆ మనిషి ఎప్పుడూ కోడలే.

ఇంట్లో మరుగుదొడ్డి లేదు. తెల్లారకముందు ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి ఆడవాళ్లం ఊరవతల వంక గట్టుకు పోయేవాళ్లం. మధ్యలో వస్తే బిగబట్టుకోవాలి. అందుకని నీళ్లు తాగడమే మానుకున్నాం. మా ఊరి ఎండల్లో నోట్లో నీళ్లు పోసుకుని, పుక్కిలించి ఉమ్మేసేవాళ్లం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఒకనాడు నా తోడికోడలు ఆగలేక నాడె కిందపెట్టి లేచింది.

"యాడికే?" అంది అత్త.

"ఒంటికి పోయొస్తా అత్తా."

"పొద్దు ఇంగా నడినెత్తినే ఉండాది. రాణిగారికి గడియకోసారి పోవల్లంట!"

గుంతలోంచి మా మరిది, అంటే ఆమె మొగుడు, నవ్వాడు. "దాని కడుపులో చెరువుండాదేమోమ్మా. తూము మూసెయ్."

అందరూ నవ్వారు. ఆ పిల్ల మళ్లీ కూర్చుంది.

ఆ ఇంట్లో పట్టుపోగు ముక్క కూడా పారేయరు. మిగిలినవన్నీ ఒక రేకు డబ్బాలో దాస్తారు. ఎప్పుడైనా పోగు తెగితే ముడేయడానికి అవే అక్కరకొస్తాయి. మంచి అలవాటే. దాన్ని మా అత్త మందుల దాకా తెచ్చింది. ఆమెకోసారి మంట వస్తే ఊళ్లో డాక్టరు గొట్టం మాత్రలిచ్చాడు, మీరు క్యాప్సూళ్లు అంటారే, అవి. నెమ్మదించగానే మింగడం ఆపేసి, మిగిలినవి కాగితంలో చుట్టి పోగుల మధ్య పెట్టింది.

ఆ తర్వాత ఏ కోడలికి మంట వచ్చినా ముందు "వేడి చేసినాది" అని మజ్జిగ, సబ్జా గింజలు. దాంతో తగ్గకపోతే డబ్బా మూత తెరుచుకునేది. ఒకటో రెండో మాత్రలు చేతిలో పడేవి, మూత పడేది. అయిపోతే మా మరిది చీటీ లేకుండానే అంగట్లో తెచ్చేవాడు. వీధిలోవాళ్లు కూడా "ఆ గొట్టం మాత్ర ఒకటియ్యక్కా" అని వచ్చేవాళ్లు. అత్త దానం చేసినట్టు ఇచ్చేది.

"డాక్టరు అన్నీ మింగమన్యాడు గదత్తా?" అని అడిగాను ఒకసారి.

"మంట పోయినంక మందేందే? చీరె కోసినంక గూడా నేస్తా కుచ్చుంటావా?" అంది.

నా తోడికోడలికి మంట తగ్గడం, మళ్లీ రావడం, మళ్లీ రెండు మాత్రలు. ఇట్లా ఏడాది గడిచింది. పెళ్లిళ్ల కాలంలో ఒకరోజు మగ్గం పక్కనే గజగజ వణికిపోయింది. నడుముకు పైన, వీపు పక్కన పోటు. చీర పూర్తయ్యేదాకా లేవనివ్వలేదు. ఈసారి భయపడి అత్త డబ్బాలో ఉన్నవన్నీ మింగించింది. ఒక్కటీ పనిచేయలేదు.

చివరికి అత్త, నేను ఆ పిల్లను రైల్లో హిందూపురం తీసుకుపోయాం. జ్వరంతో నా భుజం మీద వాలి నీళ్లడిగింది.

"రైల్లో నీళ్లేందే, యాడ దిగుతావు?" అంది అత్త.

చెంబు తీసి ఆ పిల్ల నోటికి పెట్టాను. పెనుకొండ దాటేదాకా తాగుతూనే ఉంది. "అక్కా, నేను సచ్చిపోతానా?" అంది. కొంగు తడిపి ఆమె నుదుటి మీద వేశాను.

హిందూపురంలో ఒక డాక్టరమ్మ చూసింది. మొదట అలాంటి మాత్రలే ఇచ్చింది. జ్వరం దిగలేదు. మూత్రం పరీక్షకు బెంగళూరు పంపింది. కబురు వచ్చాక మంచం దగ్గరికి వచ్చి, "ఈ మాత్రలు ముందే వాడినారా?" అని అడిగింది.

"లేదమ్మా, యాడివి మాకు," అంది అత్త.

"వాడినాది," అన్నాను నేను. "శానాసార్లు. యెప్పుడూ పూర్తిగా మింగనియ్యలేదు."

అత్త నన్ను కాల్చేసేట్టు చూసింది. డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "మంట తగ్గిందంటే మెత్తటి క్రిములు చచ్చినాయని, అంతేనమ్మా. గట్టివి ఇంకా లోపలే ఉంటాయి. మందు ఆపేస్తే ఆ గట్టివే పెరుగుతాయి. ఇప్పుడు ఈ పిల్లలో ఉన్నవి ఈ మాత్రలకు చావవు. మూత్రపిండాల దాకా పాకినాయి. ఇంక సూది మందే దిక్కు. దాంతో చెవులు పోయినా పోవచ్చు. ఏమంటారు?"

ఏమంటాం? ప్రాణం కావాలన్నాం.

ప్రాణం దక్కింది. చెవులు పోయాయి.

ధర్మవరం తిరిగొచ్చాక ఆ పిల్లను మళ్లీ మగ్గం పక్కనే కూర్చోబెట్టారు. ఇదివరకు మగ్గం చప్పుడు వింటూ, ఆ అదనుకు నాడె విసిరేది. ఇప్పుడు వినపడదు. నాడె ఎప్పుడు విసరాలో తెలిసేందుకు మా మరిది వెదురుబద్దతో ఆమె మోకాలి మీద తట్టేవాడు. వాడికది హాస్యం. ఆ మోకాలు ఎప్పుడూ కమిలి ఉండేది. ఒకరోజు ఆ బద్ద తీసుకుని పొయ్యిలో పెట్టాను. ఆనాటినుంచి చేత్తో తాకి చెప్పేవాడు. అంగట్లోంచి మళ్లీ తెచ్చి డబ్బాలో పెట్టిన మాత్రలు అప్పటికే దిబ్బలో వేశాను.

అత్త మారలేదని చెప్పను. ఎండాకాలం ఒక మధ్యాహ్నం, నీళ్లచెంబు పట్టుకుని ఆ పిల్ల వెనక వచ్చి నిలబడింది. "లేసి ఒంటికి పోయి రా పో. వచ్చి ఈ నీళ్లు తాగు," అంది. మా ఇంట్లో ఒక కోడలితో ఆ మాట అనడం అదే మొదలు.

ఆ పిల్లకు వినపడలేదు. తలొంచుకుని నాడె విసిరింది.

ఆ మాట కొన్నేళ్లు ముందు అనుంటే ఏం పోయేది? ఒక్క చీర ఆలస్యమయ్యేది. అదే నా కోపం. నీకు రెండు చెవులూ ఉన్నాయి తల్లీ. దాచిన మాత్రలు తీసుకుని ఇవాళే మీ డాక్టరు దగ్గరికి పో, మధ్యలో ఆపేశానని నిజం చెప్పు. ఫోను పెట్టేసే ముందు నీళ్లు తాగు. చప్పుడు నాకు వినపడాలి.