చర్చి గంట ఎవరికి మోగింది?

కిందటి వేసవిలో మా ముత్తాత బాప్తిస్మం వివరాల కోసం మొగల్తూరు దగ్గర ఓ పల్లెలోని పాత చర్చికి వెళ్లాను. రిజిస్టర్లు గంట స్తంభం కింది గదిలో ఉన్నాయి. నేను లోపలున్న సంగతి మరచి, కాపలా పెద్దాయన బయట తాళం వేసి భోజనానికి వెళ్లిపోయాడు.

నాకు కావలసిన పేజీలను చెదలు తినేశాయి. ఫోను స్కూటీలో ఉండిపోయింది. గదికి కిటికీ లేదు. తలుపు బాది బాది, అరిచి అరిచి గొంతు పోయింది. ఊపిరాడనట్టయి, పైనుంచి వేలాడుతున్న గంట తాడు లాగాను. బరువైన గంట కావడంతో ఆగి ఆగి మోగింది.

తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా సగం ఊరు. అలా ఆగి ఆగి మోగితే అక్కడ ఎవరో చనిపోయినట్టట.

"ఎవరండీ పోయారు?" అన్నారు పాస్టరు గారు.

కంగారులో, "మా ముత్తాతండి, పడవ యాకోబు గారు" అనేశాను.

అందరూ నవ్వారు. ఒక ముసలావిడ మాత్రం వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఆయన మా తాతకి తమ్ముడమ్మా. పడవేసుకుని వెళ్లి మళ్లీ రాలేదు. పోయాడో ఉన్నాడో తెలియక గంట కూడా కొట్టలేదని మా మామ్మ ఏడ్చేది. ఇన్నాళ్లకి నువ్వు కొట్టావు."

వరసకు అత్తయిన ఆవిడ ఇంట్లోనే ఆ పూట అన్నం తిన్నాను.