మా మామ్మ కోసం పెట్టిన బొట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒకే చావు మళ్ళీ మళ్ళీ జరిగింది. పోయినవాడు మా నాన్న. చేపల వేటకు వెళ్ళిన పడవ గాలివానలో తిరగబడితే తోటివాళ్ళు ఈదుకుంటూ ఒడ్డుకు చేరారు, ఆయన చేరలేదు. శవం కూడా దొరకలేదు. పదోనాడు మా అమ్మ గాజులు పగలగొట్టి, బొట్టు చెరిపి ఇంటికి తీసుకొచ్చారు. జరగాల్సిందంతా అక్కడితో జరిగిపోయిందని అందరూ అనుకున్నారు.

మాది మొగల్తూరుకు దిగువన, సముద్రపు ఒడ్డున ఉన్న పాలెం. అందరం వేట మీద బతికేవాళ్ళమే. నరసాపురం రేవుకు పొగ ఓడ వచ్చిందంటే వారం రోజులు దాని గురించే చెప్పుకునే కాలం అది. నాన్న పోయాక ఇంట్లో ముగ్గురం మిగిలాం. అమ్మ, నేను, నాన్నను కన్న మా మామ్మ. మామ్మకు అప్పటికే మతి తప్పుతోంది. పొయ్యి మీద కూర మరిచిపోవడంతో మొదలై, నన్ను పట్టుకుని ఎవరి పిల్లవే నువ్వు అని అడిగేదాకా వచ్చింది. ముసలి చాదస్తం అనేవారు ఊళ్ళో. పేరు పెట్టడానికేం, ఎవరైనా పెడతారు.

దినం అయిన మర్నాడు పొద్దున్నే మామ్మ లేచి, అమ్మ ముఖంలోకి చూసి, “ఏమే, మొగుడున్న ఆడదానివి, ఆ బోసి ముఖమేంటే?” అంది. అమ్మ బిత్తరపోయింది. తరువాత పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, జరిగింది చెప్పింది. మామ్మ ఆ కబురు అప్పుడే మొదటిసారి విన్నట్టు విన్నది. నేల మీద పడి గుండెలు బాదుకుంది. వీధి వీధంతా వచ్చి పట్టుకున్నారు. మధ్యాహ్నానికి అంతా మరిచిపోయి, ఎండుచేప కాల్చి పెట్టమంది. సాయంత్రం మళ్ళీ అమ్మ నుదురు చూసింది. మళ్ళీ అడిగింది.

అలా ఎన్నాళ్ళు జరిగిందో నేను లెక్కపెట్టలేదు. మొదట్లో పరుగెత్తుకొచ్చిన ఇరుగుపొరుగు తరువాత గుమ్మం దాకా వచ్చి ఆగారు, ఆ తరువాత రావడమే మానేశారు. వేళాకోళమో ఏమో, ముసలిది కోడల్ని సాధించడానికే ఇలా చేస్తోందని ఒకామె అంది. దానికి తోడు, కంచం నిండా తిని చెయ్యి కడుక్కున్న కాసేపటికి, “మా కోడలు నాకు కూడు పెట్టట్లేదమ్మా” అని మామ్మ దారిన పోయేవాళ్ళకు చెప్పేది. వాళ్ళు జాలిగా ఆమె వంక, కోపంగా అమ్మ వంక చూసి వెళ్ళేవారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అది.

ఒకరోజు ఏడుపులో మామ్మ తల గుమ్మానికేసి కొట్టుకుంది. నెత్తురు చూసి నేను బెదిరిపోయాను. అమ్మ గుడ్డ కాల్చిన మసి గాయానికి అద్ది, ఆమెను పడుకోబెట్టింది. తరువాత లేచి, మామ్మ తమలపాకుల పెట్టెలోంచి చిటికెడు సున్నం తీసి, అరచేతిలో పసుపుతో కలిపి రంగరించింది. అది ఎర్రగా మారింది. ఇంట్లో కుంకుమ లేదు, కొనబోతే ఎందుకని అడుగుతారు. ఆ ఎరుపును ఉంగరం వేలితో నుదుట పెట్టుకుంది. నా వంక తిరిగి, ఎవరికీ చెప్పకు అన్నట్టు తల అడ్డంగా ఊపింది. మామ్మ నిద్ర లేచి, అమ్మ ముఖం చూసి, ఏమీ అడగలేదు. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు.

అప్పటినుంచి అమ్మకు రెండు ముఖాలు. గుమ్మం లోపల ముత్తైదువ, చేపల గంప నెత్తిన పెట్టుకుని గడప దాటేటప్పుడు విధవ. తడిగుడ్డతో తుడిచి తుడిచి నుదుటి మీద చర్మం పొక్కిపోయింది. చేతులకు గాజులు లేవేమని మామ్మ రోజూ తిట్టేది, పని చేస్తుంటే చిట్లాయి అత్తా అని అమ్మ రోజూ చెప్పేది. కొడుకేడని అడిగితే వేటకెళ్ళాడని చెప్పేది. కొడుకు అన్నం తీసి పక్కన పెడితే తప్ప మామ్మ ముద్ద ముట్టేది కాదు. అందుకని రాత్రి నాన్న కంచంలో వడ్డించి మూత పెట్టేది, తెల్లారి ఆ చద్దన్నం తనే తినేది. చచ్చిపోయిన మొగుడి కూడు అలా రోజూ తిన్న ఆడదాన్ని నేను మా అమ్మను తప్ప ఇంకెవరినీ చూడలేదు.

అన్నిటికన్నా ఘోరం ఒకటుంది. అమ్మకు ఏడవడానికి వీల్లేకుండా పోయింది. ఇంట్లో కన్ను తడిస్తే ఎందుకేడుస్తున్నావే అని మామ్మ నిలదీసేది. బయట గంప దించితే బేరమే సరిపోయేది. అమ్మకు పట్టుమని పాతికేళ్ళు లేవు. మా మేనమామ వచ్చి, మారుమనువు చేస్తాను, పిల్లను తీసుకుని రమ్మన్నాడు. మాలో అది తప్పు కాదు. అత్తను ఎవరు చూస్తారని అమ్మ అడిగింది. ఆయన భోంచేసి వెళ్ళిపోయాడు.

ఒకనాడు మధ్యాహ్నం అమ్మ అన్నం వారుస్తోంది, నేను నీళ్ళకు వెళ్ళాను. ఆ సందులో మామ్మ తలుపు తీసుకుని సముద్రానికి నడిచిపోయింది. నేను కడవతో తిరిగి వచ్చేసరికి అమ్మ పరుగెడుతోంది. నేనూ వెంటపడ్డాను. మోకాటి లోతు నీళ్ళలో నిలబడి మామ్మ కొడుకును పేరు పెట్టి పిలుస్తోంది. అమ్మ ఆమెను పట్టి ఒడ్డుకు లాక్కొచ్చింది. చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్ళు, వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు అందరూ చేతిలో పని ఆపేశారు. ఎందుకో నాకు వెంటనే తట్టలేదు. అమ్మ నుదుట బొట్టు అలాగే ఉంది.

కులపెద్దను పిలిచారు. మా తాతకు తమ్ముడి వరస, చెడ్డవాడు కాదు. వలలు దాచే పాకలో కూర్చుని, “ఏమ్మా, ఎవర్ని చూసుకుని ఆ బొట్టు? మారుమనువు కావాలంటే నలుగురం కూకుని చేస్తాం కదా. దొంగచాటుగా ఎందుకు?” అన్నాడు. జవాబు చెప్పకపోతే వెలి వేయాల్సి వస్తుందని కూడా అన్నాడు. వెలి వేస్తే ఏ పడవవాడూ అమ్మకు చేపలివ్వడు. చేపలు లేకపోతే మాకు కూడు లేదు.

ఒక్క మాటతో అమ్మ బయటపడేది. నా మొగుడు పోయిన సంగతి ఈవిడకు గుర్తుండదు, అందుకే పెట్టుకున్నాను అంటే చాలు. కానీ మామ్మ అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని పక్కనే ఉంది. ఆమె చెవిన పడకుండా ఆ మాట అనే దారి లేదు. నేనైనా చెబుదామని నోరు తెరిస్తే, అమ్మ చూసిన చూపుకు మళ్ళీ మూసుకున్నాను. ఎవడో ఉండే ఉంటాడని వెనక ఎవరో గొణిగారు. అమ్మ తల వంచుకుని నిలబడింది.

ఆ మౌనం మామ్మకు నచ్చలేదు. “ఎవరి కోసమేంట్రా, మావాడి కోసం. వేటకెళ్ళాడు, పోటుకొచ్చేత్తాడు. మీరేంటి, వేట మానేసి ఇక్కడ కూకున్నారు?” అంది.

కులపెద్దకు అర్థమైంది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కానీ ఆయనకు మామ్మ మీద జాలేసింది, ఆ జాలే కొంప ముంచింది. దగ్గరకొచ్చి, “వదినా, నీ కొడుకు లేడమ్మా. సముద్రం తీసుకుపోయింది” అన్నాడు.

మామ్మ నోరు తెరుచుకుని ఆయన వంక చూసింది. ఆ ముఖం నాకు తెలుసు. తరువాత ఏం జరుగుతుందో కూడా తెలుసు. ఆమె అమ్మ వైపు తిరిగి, “ఏమే, నిజమేనా?” అంది.

“కాదత్తా. ఆళ్ళకేం తెలుసు. రా, అన్నం చల్లారిపోద్ది” అంది అమ్మ.

అంతమంది ఎదుట, నుదుట బొట్టుతో, కులపెద్ద మాటను అబద్ధం చేసింది. మామ్మను నడిపించుకుని ఇంటికి తీసుకెళ్ళింది.

వెలి వేయలేదు. అలాగని కలుపుకోనూ లేదు. పేరంటానికి పిలవాలంటే ముత్తైదువ కాదు, ఓదార్చాలంటే విధవ కాదు. అమ్మ ఇక బొట్టు చెరుపుకోవడం మానేసింది. మేనమామ ఆ తరువాత మారుమనువు ఊసెత్తలేదు. మామ్మ గట్టి పిండం, ఏళ్ళకేళ్ళు బతికింది. పక్క తడిపేది, పళ్ళెం విసిరేది, స్నానం చేయించబోతే కొరికేది. మోసేవాడికే తెలుసు కావడి బరువు. ఒకసారి అమ్మ పొయ్యి ముందు కూర్చుని, నా వంక చూడకుండా, ఈ ముసలిది ఎప్పుడు పోతుందే అంది. అని, తనే లేచి వెళ్ళి మామ్మ కాళ్ళకు నూనె రాసింది.

ఒక వానాకాలం మామ్మ నిద్రలోనే పోయింది. ఆడవాళ్ళు వచ్చారు. అమ్మ నూతి దగ్గరకు వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే, చెంబుడు నీళ్ళతో ముఖం కడుక్కుని బోసి నుదుటితో తిరిగి వచ్చింది. శవం పక్కన కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. అలాంటి ఏడుపు నేను మళ్ళీ వినలేదు. అత్త కోసం ఇంతలా ఏడ్చే కోడలుంటుందా అని ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. కానీ అమ్మ అత్తా అని పిలవలేదు. మావా, నన్నొదిలి పోయావా మావా అని ఏడుస్తోంది. నాన్నను ఆమె అలాగే పిలిచేది.

ఆ తరువాత కూడా అమ్మ బాగుపడలేదు. ఏడిస్తే బరువు దిగుతుందంటారు గానీ, అంతకాలం దాచిన ఏడుపు దిగదు. మాటలు తగ్గిపోయాయి. నా పెళ్ళయ్యేదాకా ఉండి, తొందరగానే వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేనూ ముసలిదాన్నయ్యాను. మంచం పట్టినవాళ్ళో మతి తప్పినవాళ్ళో ఉన్న ఇంటికి పలకరింపుకు వెళితే, రోగి ఎలా ఉన్నారని నేను ముందు అడగను. అందరూ అడిగేది అదే. చాకిరీ చేసే మనిషిని వెతుక్కుంటూ వంటింట్లోకి వెళ్ళి, నువ్వు ఏడ్చి ఎన్నాళ్ళయిందమ్మా అని అడుగుతాను. చాలామంది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. కొందరు మాత్రం చెంగు నోట్లో కుక్కుకుంటారు. అప్పుడు తలుపు దగ్గరగా వేసి, వాళ్ళ పక్కన కూర్చుంటాను.