బిగించిన అద్దాలు

మాది నెల్లిమర్ల దగ్గర ఒక పల్లె. నా భర్త నాకు మేనబావే, వరికోత మిషను నడుపుతాడు. ఆ పాత మిషను క్యాబిన్ అద్దాలు వదులైపోయి, గడగడలాడుతూ సందుల్లోంచి దుమ్మంతా లోపలికి వదిలేవి. కిందటేడు కోతల ముందు కొత్త రబ్బరు తెచ్చి, సబ్బునీళ్లు రాసుకుంటూ ఇద్దరం కలిసి అన్నీ బిగించాం. ఇక చీమ కూడా దూరదని నేనే గొప్పలు పోయాను.

మర్నాడు మా చేలోనే కోత. మిషను తిరగలేని మూలల్లో ముందుగా కొడవలితో కోయాలి. మా అత్త వరిలో వంగి ఆ పనే చేస్తోంది. మిషను అటు తిరిగింది.

"ఆగరా, ఇంకా అవ్వనేదు!" అని తలెత్తకుండానే కేకేసింది. ఎప్పుడూ ఆ ఒక్క కేకకే ఆగేవాడు. ఆరోజు ఆగలేదు.

నాకేమీ అర్థం కాలేదు. పొద్దున్న తల్లీకొడుకులు మాటామాటా అనుకున్నారా? గట్టు మీంచి "బావా, ఆపు!" అని అరుస్తూ చెయ్యూపాను. నవ్వుతూ తనూ చెయ్యూపాడు! ఆ నవ్వేమిటో, ఏం చెయ్యాలో తోచక మట్టిబెడ్డ తీసి ముందద్దం మీదికి విసిరాను.

మిషను ఆగింది. తలుపు తీసి, "ఏటే, పిచ్చి గాని ఎక్కినాదా?" అన్నాడు.

నాలుగడుగుల దూరంలో వరి కదిలింది. "ఇప్పటికి ఇనబడినాదేటిరా?" అంది అత్త, ఇంకా కోస్తూనే.

బావ మొహం పాలిపోయింది. నా అరుపు కూడా లోపలికి వినపడలేదని అప్పుడు వెలిగింది నాకు.

ఆ సాయంత్రమే ఒక పక్క అద్దం ఊడదీశాం. ఇప్పుడు ఎంత దుమ్ము తిన్నా బావ కిక్కురుమనడు. అత్తకు మాత్రం ఇప్పటికీ చెప్పలేదు. ఆరోజు కొడుకు కాస్త పరాకుగా ఉన్నాడనే అనుకుంటోంది.